గురువారం దాటని కెప్టెన్

శాలిబండలో శ్రీపాద మాట చెల్లే చోటు ఒక్కటే. అది ఇల్లు కాదు, ఆఫీసు అంతకన్నా కాదు. ఇంట్లో భార్య వసుధ మాట చెల్లుతుంది. ఆఫీసులో ఆయన కూర్చునేది పాత ఫైళ్ళ గదిలో, అక్కడ ఆయన కన్నా ఎలుకలకు స్వతంత్రం ఎక్కువ. గుళ్ళో అన్న సదాశివది పెత్తనం. పండగ నాడు గంట మోగించడానికి ఇంకెవరూ దొరక్కపోతే శ్రీపాదను పిలుస్తారు, అదీ తాడు ఎలా పట్టుకోవాలో చెప్పి మరీ. నలభై ఏడేళ్ళు వచ్చిన మనిషికి.

కాని సాయంత్రం ఆరింటికి వహీద్ దుకాణంలో అడుగు పెట్టాడంటే ఆ మనిషే వేరు.

వహీద్‌ది గంటల లెక్కన వీడియో గేములు ఆడుకునే దుకాణం. వాళ్ళ నాన్న కాలంలో అక్కడ అద్దె సైకిళ్ళు ఉండేవి, తర్వాత ఫోను బూత్ అయింది, ఆ తర్వాత టీవీలు వచ్చాయి. ఇప్పుడు మూడు టీవీలు, వాటిలో ఒకటి గోడంత. ఎదురుగా ఒక సోఫా. సోఫా కుడి చివర ఉన్న గుంత శ్రీపాదది. ఇంకెవరు కూర్చున్నా మోకాళ్ళు వచ్చి గడ్డానికి తగులుతాయి. ఆ గుంతలోంచి ఆయన చెప్పిన మాట మాదన్నపేట దాకా పోతుంది. కొత్త గేము ఏది వచ్చినా ముందు ఆయన ఆడాలి. ఆడి, ఎలా ఉందో ఫోనులో మాట్లాడి గల్లీ గ్రూపులో పెట్టాలి. గ్రూపులో రెండొందల పన్నెండు మంది ఉన్నారు. ఆయన మాట మొదలుపెట్టినప్పుడు బియ్యం కడిగి పొయ్యి మీద పెడితే, అన్నం ఉడికి, తిని, చెయ్యి కడుక్కునేసరికి ఆయన ఇంకా గేము పేరు దగ్గరే ఉంటాడు. అయినా చివరిదాకా వింటారు. చివర్లో 'ఆడుండ్రి' అన్నాడా, సోఫా మీద జాగా దొరకదు. 'వద్దు' అన్నాడా, ఆ గేము శాలిబండలో పుట్టనట్టే.

ఈ గౌరవం ఊరికే రాలేదు. ఏడేళ్ళ కింద 'వేగాఫాల్' అనే గేము వచ్చింది. అందులో మనం ఒక కెప్టెన్. మన చేతిలో ఒక అంతరిక్ష నౌక, దాంట్లో మన మనుషులు ఐదుగురు. గ్రహం నుంచి గ్రహానికి పోతూ తుపాకీతో కొట్లాడాలి, మాటలతో బేరాలాడాలి, గెలిచినకొద్దీ కెప్టెన్‌కు కొత్త బలాలు నేర్పాలి. గల్లీలో అందరి కెప్టెన్లూ మూడో గ్రహం దగ్గర చచ్చారు. వహీద్ కెప్టెన్ ఎన్నిసార్లు చచ్చాడో లెక్క తీస్తే వాళ్ళకే ఒక ఖబ్రస్తాన్ కావాలి. శ్రీపాద కెప్టెన్ మాత్రం ఒక్కసారీ చావలేదు. చావలేదన్నది శ్రీపాద మాట. రెండుసార్లు చచ్చాడనీ, రెండుసార్లూ కరెంటు పోయిందని చెప్పి తనే ప్లగ్గు పీకాడనీ వహీద్ అక్క బిల్కీస్ మాట.

కిటుకు ఏమిటని అడిగితే శ్రీపాద వారశూల అన్నాడు. ఏ వారం ఏ దిక్కుకు బయలుదేరకూడదో పెద్దలు కట్టిన లెక్క అది. సోమ, శనివారాల్లో తూర్పుకు, మంగళ, బుధవారాల్లో ఉత్తరానికి, గురువారం దక్షిణానికి, శుక్ర, ఆదివారాల్లో పడమటికి పోకూడదు. తెర పైభాగాన ఎటు తిరిగితే ఆ దిక్కు అక్షరం కనిపిస్తుంది. పక్కన కెప్టెన్‌కు అది ఎన్నో రోజో కూడా పడుతుంది. మనం గేము మొదలుపెట్టిన వారమే కెప్టెన్ మొదటి రోజు, అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటూ పోవడమే. అలా లెక్కపెట్టి పోయినవాడు గెలిచాడు, మిగతావాళ్ళు చచ్చారు. ఇంకేం కావాలి. ఆ నెల నుంచి గల్లీలో ఎవరి నౌక అయినా శూల చూడకుండా కదల్లేదు. వహీద్ కూడా మంగళవారం ఉత్తరానికి పోవాల్సి వస్తే ఆట ఆపి చాయ్ తాగొచ్చేవాడు.

ఆ గేముకు రెండో భాగం వచ్చింది. సోమవారం నుంచి లోకానికంతా, ముందే కొనిపెట్టుకున్నవాళ్ళకు మాత్రం గురువారం నుంచే ఆడుకోవచ్చన్నారు. వహీద్ ముందే కొన్నాడు. గురువారం సాయంత్రం శ్రీపాద చెప్పులు విప్పుతుండగానే వహీద్ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"పంతులూ, ఒక మాట. పోరగాండ్లందరు ఫోన్లల్లనే ఆడుకుంటున్నరు. ఈ గేము నడిస్తేనే దుకాణం నడుస్తది. నడ్వకుంటే మొగులయ్య అడుగుతున్నడు, పూల డబ్బాలు పెట్టుకోనీకి."

"నడ్వకుంట యాడికి పోతది? ఏడేండ్ల సంది ఎదురుచూస్తున్న నేను."

"నువ్వు ఎదురుచూసినవ్ గని, గేముకు తెల్వదు గద. ఆదివారం పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయ్యే లోపల చెప్పు. నువ్వు బాగుందంటే ఉంచుత. బాగలేదంటే తాళంచెయ్యి మొగులయ్యకు ఇస్త. రెండో మాట లేదు."

మొగులయ్య గుడిమల్కాపూర్ నుంచి పూలు తెచ్చి ఈ చుట్టుపక్కల అమ్ముతాడు. ఆయన అప్పటికే దుకాణం లోపల నిలబడి, సోఫా కుడి చివర ఉన్న మూల వైపు చెయ్యి చాపి జానలు కొలుచుకుంటున్నాడు. శ్రీపాద ఆ మూలన తన గుంత బదులు బంతిపూల డబ్బాను ఊహించుకున్నాడు. ఈ దుకాణం పోతే సాయంత్రం ఆరింటికి తను ఎక్కడికి వెళ్ళాలి? ఇంటికి వెళ్ళొచ్చు. ఇంటికి వెళితే వసుధ దగ్గర సంగీతం నేర్చుకునే పిల్లలు పద్నాలుగు మంది ఉంటారు, వాళ్ళు కూడా ఆయన్ని లేచి పక్కకు జరగమంటారు.

గేము పెట్టాడు. కెప్టెన్ కళ్ళు తెరిచాడు. నౌకలో కాదు, ఆకాశంలో తేలే ఒక దవాఖానలో, మంచం మీద. రెండొందల ఏళ్ళు నిద్రపోయాడట. ఏడేళ్ళు కష్టపడి నేర్పిన బలాలన్నీ నిద్రలోనే పోయాయట. పక్కన ఒక ఇనుప నర్సు నిలబడి ఇంగ్లీషులో తియ్యగా అంటోంది, స్వాగతం కెప్టెన్, తల పైకెత్తండి.

శ్రీపాద తల పైకెత్తించాడు.

ఇప్పుడు తల దించండి అంది.

"ఏమంటున్నది?" అన్నాడు వహీద్. ఇంగ్లీషును తెలుగు చేసి చెప్పడం శ్రీపాద పని.

"తల ఎత్తుడు నేర్పిస్తున్నది. నూటనలభై గ్రహాలు గెలిచినోనికి."

ఇరవై ఆరేళ్ళు పనిచేసినవాణ్ణి మొదటి రోజు చేరిన గుమాస్తాలా కూర్చోబెట్టి పెన్ను ఎలా పట్టుకోవాలో నేర్పితే ఎలా ఉంటుందో అలా ఉంది ఆయనకు. అక్కడితో అయిపోలేదు. మీటలన్నీ మార్చేశారు. గెంతబోతే కెప్టెన్ చేతిలోని కంచం తీసి డాక్టరు ముఖాన విసిరాడు. దాంతో దవాఖానలో కెప్టెన్ మర్యాద పది మెట్లు పడిపోయిందని తెర మీద పడింది. తెర మీది అక్షరాలు ఎంత చిన్నవంటే, చదవడానికి సోఫా దిగి టీవీకి ముక్కు ఆనించాల్సి వచ్చింది. ఆ రాత్రికి ఆయన ముక్కు మీద దుమ్ముతో ఒక చుక్క ఏర్పడింది. అది చూసి వసుధ కొత్త పూజ ఏమైనా మొదలుపెట్టారా అని అడిగింది.

అన్నిటికన్నా ఎక్కువ బాధ పెట్టింది జోరా. జోరా అంటే పాత నౌకలో ఇంజను చూసుకునే పిల్ల. మొదటి భాగంలో ఆ పిల్లను మంటల్లోంచి నాలుగుసార్లు మోసుకొచ్చాడు శ్రీపాద. ఒకసారి తన గాలి డబ్బా తీసి ఆమెకు తగిలించాడు. ఇప్పుడు అదే జోరా తలుపు తీసుకుని వచ్చి, కెప్టెన్‌ను కింది నుంచి పైదాకా చూసి, మీరెవరు అంది.

శ్రీపాద కంట్రోలరు పక్కన పెట్టి మంచినీళ్ళు తాగాడు.

"పోనీ పంతులూ, రెండొందల ఏండ్లాయె. మర్చిపోయింది."

"ఆమె గూడ రెండొందల ఏండ్లు బతికే ఉన్నది గద. ముసల్ది గాలే. గుర్తు మాత్రం పోయిందా?"

దవాఖానలో ఎనిమిది గదులు. ఎనిమిదో గది చివర పెద్ద తలుపు, దాని చుట్టూ పచ్చదీపాలు. శ్రీపాద కెప్టెన్‌ను అటు తిప్పాడు. తెర పైన దక్షిణం అక్షరం వచ్చింది. పక్కన మొదటి రోజు అని ఉంది. గేము మొదలుపెట్టింది గురువారం. దుకాణంలో ముగ్గురూ ఒకేసారి ముందుకు వంగారు.

"వద్దు పంతులూ," అన్నాడు మొగులయ్య.

"నాకు తెల్వదా?" అన్నాడు శ్రీపాద.

"రేపు పోదాం," అన్నాడు వహీద్.

అక్కడ తప్పు జరుగుతోందని చెప్పడానికి ఆ ముగ్గురిలో ఒక్క మనిషి కూడా లేడు. ఏడేళ్ళలో అందరికీ నేర్పి పెట్టాడు గదా.

శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూస్తే కెప్టెన్‌కు ఇంకా మొదటి రోజే. సరే, రాత్రి గడపాలేమో అని కెప్టెన్‌ను మంచం మీద పడుకోబెట్టాడు. లేపాడు. మొదటి రోజు. మళ్ళీ పడుకోబెట్టాడు. మొదటి రోజు. అలా పంతొమ్మిది సార్లు పడుకోబెట్టి లేపాడు. అంత నిద్ర కుంభకర్ణుడు కూడా పోయి ఉండడు. లేచినప్పుడల్లా నర్సు స్వాగతం చెప్పి తల ఎత్తమంటోంది. గురువారం కదలడం లేదు.

"ఈ గేముల శుక్రవారం పెట్టుడు మర్చిపోయిండ్రు," అని ఆ రోజు గ్రూపులో మొదటి మాట పెట్టాడు.

గ్రూపులో ఆయనకొక నియమం ఉంది. తను చెప్పడం అయ్యేదాకా ఎవరూ వేరేవాళ్ళు ఆడిన వీడియోలు చూడకూడదు, తనూ చూడడు. చూసి చెప్పేది కాపీ కొట్టడమే అంటాడు. పదో తరగతి లెక్కల పరీక్షలో వహీద్ పేపరు చూసి ఇద్దరూ కలిసి తప్పిన దగ్గర్నుంచి ఆయనకు కాపీ అంటే అంత రోషం. అందుకని ఫోనులో వెతికితే అర నిమిషంలో తేలే విషయం మీద నాలుగు రోజులు తలకాయ బద్దలు కొట్టుకున్నాడు.

శుక్రవారం మిగతా సాయంత్రం, శనివారం మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేదాకా, ఆ ఎనిమిది గదుల్లో చేయగలిగినవన్నీ చేశాడు. రోగులకు దుప్పట్లు మోశాడు. వంటగదిలో గంజి కాచాడు. కెప్టెన్‌కు వచ్చే బలాలన్నిటినీ వంటలోనే పెట్టాల్సి వచ్చింది, ఇంకెందులోనూ పెట్టడానికి లేదు. శనివారం సాయంత్రానికి ఆ కెప్టెన్ లాంటి గంజి కాచేవాడు నక్షత్రాల్లోనే లేడు. డాక్టరు ఒక తుపాకీ ఇచ్చాడు. దాంతో కాల్చడానికి శత్రువు లేక శ్రీపాద గోడ మీది గడియారాన్ని కాల్చాడు. గడియారానికి ఏమీ కాలేదు. ఐదు నిమిషాలకోసారి డాక్టరు వచ్చి, కెప్టెన్, బయట లోకమంతా మీ కోసం ఎదురుచూస్తోంది అంటాడు.

"చూసినవా, ఎట్ల గుంజుతున్నడో," అన్నాడు శ్రీపాద. "గురువారం దక్షిణానికి తోలనీకి చూస్తున్నడు. వీడు శత్రువుల మనిషి."

కోపంలో ఆయన గ్రూపులో మాట మీద మాట పెట్టాడు. ఇది గేము కాదు, దవాఖాన డ్యూటీ అన్నాడు. ఏడేళ్ళు తయారుచేసి ఎనిమిది గదులు కట్టారు, మా గల్లీ మేస్త్రీ అయినా నెలలో కట్టేవాడన్నాడు. బలాలు లాక్కున్నారు, నౌక లాక్కున్నారు, జోరా మతి లాక్కున్నారు అన్నాడు. పదిహేడో మాటలో గొంతు కూడా బొంగురుపోయింది. విన్నవాళ్ళు విన్నారు. సోమవారం నుంచి వస్తామని వహీద్‌కు చెప్పి పెట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే వద్దులే భాయ్ అన్నారు. శనివారం నాడు మిగతా రెండు టీవీల ముందు కూడా ఎవరూ కూర్చోలేదు. సోఫా మీద శ్రీపాద, ఆయన కెప్టెన్, అంతే.

ఆదివారం పొద్దున్నుంచి ఆడుతున్నాడు. ఇంకొక్క పూట చూద్దామని. మధ్యాహ్నం మూడు దాటాక మొగులయ్య ఆటో ట్రాలీ తెచ్చి గుమ్మం ముందు ఆపి, పూల డబ్బాలు ఒకదాని మీద ఒకటి దింపడం మొదలుపెట్టాడు.

"ఇంక అజాన్ గాలే," అన్నాడు శ్రీపాద తెర మీది నుంచి చూపు తిప్పకుండా.

"గాలే అన్నా. నీ మాటలు నేను గూడ విన్న గద. ఎట్లయినా అయ్యేదే అని తెచ్చిన."

అప్పుడు పైనుంచి మెట్లు అదిరేలా దిగింది బిల్కీస్. ఆమె దుకాణం పై గదిలో మగ్గం పని చేస్తుంది, పెళ్ళి జాకెట్ల మీద జరీ కుట్టే పని. చెవి పక్కన జుట్టులో గుచ్చుకున్న సూది అలాగే ఉంది, చేతిలో కత్తెర.

"ఆ నర్సును జర ఆపుతరా లేదా. నాలుగు రోజుల సంది నేల కింది నుంచి ఒక్కటే పిలుపు. వాడు లేస్తలేడు, అది ఆపుతలేదు. నిన్న నెమలి కుట్టబోయి బాతు కుట్టిన."

"ఏం జెయ్యాలె ఆపా, రోజు మారుతలేదు," అన్నాడు శ్రీపాద.

"ఏం రోజు?"

చెప్పాడు. మొదటి నుంచి చెప్పాడు. గురువారం, దక్షిణం, తలుపు, పంతొమ్మిది నిద్రలు. బిల్కీస్ కత్తెర చేతిలో పట్టుకుని మొత్తం వింది. విన్నాక టీవీని చూసింది, తమ్ముణ్ణి చూసింది, మొగులయ్యను చూసింది.

"ఆస్మాన్ల దక్షిణం యాడుంటది?"

"పైన రాసి ఉన్నది గద, ఆపా."

"బయట ఏ వారం?"

"ఆదివారం."

"గేముల?"

"గురువారం."

"మల్ల రెండిట్ల నీకు ఏది కావాల్నో ఒకటి చెప్పు శ్రీపాదూ. ఆ తలుపు దాటితే రోజు మారుతదేమో, ఎవరన్న చూసిండ్రా?"

ఎవరూ చూడలేదు. దాటితేనే కదా చూసేది. దాటకూడదు కదా. శ్రీపాద బుర్రలో గురువారం చుట్టూ తిరిగి తిరిగి వచ్చి గురువారం దగ్గరే ఆగింది.

"ఒక మాట చెప్తా," అంది బిల్కీస్ మెట్టు మీద కూర్చుని. "మీ అమ్మకు గురువారం నాడే మహబూబ్‌నగర్ పోవాల్సి వస్తే ఏం జేస్తుండె? ముందుగాల్నే వచ్చి గొడుగు, ఒక చీర మా అమ్మ మంచం కింద పెట్టి పోతుండె. మా ఇంట్ల మస్తు సార్లు ఉన్నయి ఆ గొడుగు, చీర. తెల్లారి దర్జాగ పోతుండె, దక్షిణానికే."

శ్రీపాద చేతిలో కంట్రోలరు ఆగిపోయింది. ప్రస్థానం. ఒక వస్తువును మంచి సమయం చూసి ముందే గడప దాటించి వేరే చోట పెడితే, మనిషి అప్పుడే బయలుదేరినట్టు లెక్క. తర్వాత ఏ శూల రోజున కదిలినా దోషం లేదు. ఇంట్లో పుట్టి పెరిగిన సంగతి. గంట తాడు ఎలా పట్టుకోవాలో అన్న చేత చెప్పించుకునేంత మరుపు ఆయనకు ఎందుకు వచ్చిందో ఆయనకే తెలియలేదు. అమ్మ గొడుగు గుర్తుకొచ్చింది. నల్ల గొడుగు, పిడి విరిగితే పూజ దారంతో చుట్టి ఉండేది. తను చిన్నప్పుడు దాన్ని తీసుకురావడానికి ఈ మెట్లే ఎక్కేవాడు.

"టైం ఎంతయింది?" అన్నాడు.

"నాలుగుంబావు," అన్నాడు వహీద్.

"నాలుగున్నరకు రాహుకాలం. జల్ది చెయ్యాలె."

కెప్టెన్ బదులు ముందుగా తలుపు బయటికి ఏం విసరాలన్న దాని మీద లొల్లి మొదలైంది. కెప్టెన్ సంచిలో ఉన్నవి మూడే, గంజి గరిటె, దుప్పటి, తుపాకీ. గరిటె పారెయ్ అన్నాడు వహీద్. దుప్పటి మంచిది, బట్టే గదా అన్నాడు మొగులయ్య. శ్రీపాద ఒప్పుకోలేదు. ఎవరి పనికి వాళ్ళు వాడే వస్తువే పెట్టాలట, చదువుకునేవాడు పుస్తకం, సైనికుడు ఆయుధం. కెప్టెన్ అంటే సైనికుడే కదా.

"మరి బయటికి పోయినంక?" అంది బిల్కీస్.

"పోయి తీసుకుంటడు. అమ్మ గొడుగు తీసుకోలేదా?"

"ఆమె గొడుగు మా అమ్మ మంచం కింద పెట్టింది. నువ్వు తొవ్వల విసురుతున్నవ్."

రాహుకాలం దగ్గర పడుతోంది, వాదించడానికి సమయం లేదు. తలుపు తెరిచి, గడప ఇవతలే నిలబెట్టి, కెప్టెన్ చేత తుపాకీని బయటికి విసిరించాడు. నర్సు వచ్చి, కెప్టెన్, మీ ఆయుధం కింద పడింది అని చెప్పింది. పడలేదమ్మా, ప్రస్థానం అన్నాడు శ్రీపాద తెలుగులోనే. నాలుగు రోజుల్లో మొదటిసారి ఆయన ముఖం మీద నవ్వు లాంటిది వచ్చింది. బయలుదేరే ముందు కెప్టెన్‌ను మంచం చుట్టూ ఒక ప్రదక్షిణ తిప్పాడు, కాస్త గంజి తాగించాడు. బిల్కీస్ కత్తెర ఆడిస్తూ చూస్తోంది.

ఆ తర్వాత దాటించాడు.

తెర తెల్లగా అయింది. తెలుపు కరిగాక ఆకాశం వచ్చింది, అంత ఆకాశం ఆ దుకాణంలో ఇంతవరకు ఎప్పుడూ పట్టలేదు. రెండు సూర్యుళ్ళు. కింద ఎర్రటి మైదానం, దాని చివర చార్మినార్‌లను ఒకదాని మీద ఒకటి వంద పేర్చినా అందనంత ఎత్తు బురుజులున్న పట్నం. నౌకలు పావురాల గుంపులా తిరుగుతున్నాయి. మెట్ల కింద వేలమంది జనం. అందరూ కెప్టెన్ పేరు పిలుస్తున్నారు. ముందు వరసలో జోరా ఉంది. ఆమె కళ్ళలో నీళ్ళు. లోపల గుర్తుపట్టనట్టు ఎందుకు నటించానో చెప్పాలి కెప్టెన్ అంటోంది. తెర పైన రెండో రోజు అని పడింది.

మొగులయ్య చేతిలోని డబ్బా మెల్లగా కిందికి దిగింది.

"పంతులూ," అన్నాడు మొగులయ్య, "నువ్వు ఎనిమిది గదులే అన్నవ్."

శ్రీపాద కెప్టెన్ చేత జోరా వైపు ఒక్క అడుగు వేయించాడు. అప్పుడు జనంలోంచి ఒక చిత్తుకాగితాలు ఏరుకునేవాడి లాంటి మనిషి ముందుకొచ్చాడు. వాడి చేతిలో ఒక తుపాకీ ఉంది. మెట్ల మీద దొరికిందట, సంతోషంగా ఎత్తి చూపించాడు. శ్రీపాద దాన్ని గుర్తుపట్టాడు. గుర్తుపట్టేలోపే అది పేలింది.

తెర నల్లబడింది. మళ్ళీ వెలుగు. మంచం. స్వాగతం కెప్టెన్, తల పైకెత్తండి. మొదటి రోజు.

"ఎంతసేపు బతికిండు?" అన్నాడు వహీద్.

"పదకొండు సెకన్లు," అంది బిల్కీస్.

శ్రీపాద కంట్రోలరును సోఫా మీద విసిరాడు. అది ఆయన గుంతలోకే దొర్లింది. నాలుగు రోజులు, పంతొమ్మిది నిద్రలు, నూరు దుప్పట్లు, నక్షత్రాల్లోకెల్లా గొప్ప గంజి. గేము వాణ్ణి తిట్టాలో, జోరాను తిట్టాలో, ఏరుకునేవాణ్ణి తిట్టాలో తేల్చుకోలేక అందరినీ కలిపి తిట్టాడు. ఇన్ని చేసినవాళ్ళు తలుపును తూర్పుకు పెడితే వాళ్ళ సొమ్మేం పోయిందన్నాడు. అంతా అయ్యాక వహీద్ మిగతా రెండు టీవీల వైపు చెయ్యి చూపించాడు.

"పంతులూ, నిన్న ఒక్కడు రాలే. ఇయ్యాల ఒక్కడు రాలే. గేము బాగలేక గాదు. ఎవడు ఆడిండు గనుక? నీ మాట విని రాలే."

తన మాట చెల్లుతుందని శ్రీపాద ఏడేళ్ళుగా మురిసిపోయాడు. అది ఇంతగా చెల్లుతుందని ఆయనకు ఈ రోజే తెలిసింది. ఖాళీ కుర్చీలు, గుమ్మంలో పూల డబ్బాలు, మూల గుంత. ఈ దుకాణాన్ని మొగులయ్యకు ఇస్తున్నది వహీద్ కాదు, గేమూ కాదు. తనే ఎనిమిది గదులు చూసి, లోకాన్నంతా చూసినట్టు పదిహేడు మాటలు పెట్టాడు.

బయట వెలుతురు తగ్గింది. ఇంకాసేపట్లో అజాన్. శ్రీపాద ఫోను తీశాడు. రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లు చెరిపేశాడు. ఒకదాంట్లో తప్పు గేముదే అని వచ్చింది, రెండోదాంట్లో తప్పు గురువారానిది అని వచ్చింది. మూడోసారి అందరి ముందే పెట్టాడు.

"నేను శ్రీపాదను. నాలుగు రోజులు నేను దవాఖాననే చూసిన, గేము చూడలే. శూల ఉన్నదని తలుపు దాటలే. ఇయ్యాల దాటిన, పదకొండు సెకన్లు చూసిన. బాగుందో లేదో నాకు తెల్వదు. ముందు పెట్టినయి లెక్కల పట్టకుండ్రి."

ఆ గ్రూపు చరిత్రలో ఆయన పెట్టిన మాటల్లో అంత పొట్టిది లేదు. విన్నవాళ్ళలో చాలామంది ఫోను పాడైందేమోనని మళ్ళీ మళ్ళీ పెట్టుకుని విన్నారు. ఎవడో అప్పుడే నవ్వే బొమ్మ పెట్టాడు. ఇంకొకడు పెట్టాడు. తర్వాత నవ్వే బొమ్మలు వరద కట్టినట్టు దిగాయి. శ్రీపాద ఫోనును బోర్లించాడు.

"మల్ల నాకు ఏం జవాబు జెప్తున్నవ్?" అన్నాడు వహీద్. "బాగుందా, లేదా అని గద అడిగిన."

"తెల్వదు అన్న గద."

"తెల్వదంటే తాళంచెయ్యి ఇయ్యాల్నా, వద్దా?"

"ఇయ్యొద్దు అని నేనెట్ల అంటా? నా సీటు కోసం అన్నట్టు ఉంటది. ఇయ్యి అని గూడ అనలేను."

మొగులయ్య డబ్బా మీద కూర్చున్నాడు. ఆయన చూపు ఇంకా టీవీ మీదే ఉంది, అక్కడ నర్సు తల దించమంటోంది. "ఆ పట్నంల ఏమున్నదో," అన్నాడు. తర్వాత తనకే సిగ్గేసినట్టు, "గని నా పూలు? ట్రాలీ వాడు పోయిండు," అన్నాడు.

మసీదు మైకు గరగరమంది. వహీద్ టోపీ తీసి పెట్టుకుంటూ లేచాడు. గుమ్మం దగ్గర ఆగి పూల డబ్బాలను చూశాడు, సోఫాను చూశాడు, మెట్ల మీద పళ్ళు బిగబట్టి నవ్వు ఆపుకుంటున్న అక్కను చూశాడు.

"ఒక్క డబ్బా లోపల పెట్టు మొగులయ్యా. మిగతావి ఇయ్యాలటికి మా మెట్ల కింద పెట్టుకో."

"ఒక్కటే ఎందుకు భాయ్?"

"ప్రస్థానం అనుకో. నువ్వు దుకాణంల దిగినట్టే లెక్క. ఎప్పుడు దిగుతవో మల్ల చూద్దాం. పంతులు ఆ పట్నం చేరిండంటే డబ్బా తీసుకపోతవ్. చేరకుంటే మిగతావి తెస్తవ్."

వహీద్ నమాజుకు వెళ్ళాడు. బిల్కీస్ పైకి వెళుతూ ఆ నర్సు గొంతు తగ్గించమని చెప్పి పోయింది. మొగులయ్య బంతిపూల డబ్బా తెచ్చి, అటూ ఇటూ చూసి, సోఫాలో శ్రీపాద గుంత పక్కనే పెట్టి, తను నేల మీద కూర్చున్నాడు. పూల వాసనకు శ్రీపాదకు మూడు తుమ్ములొచ్చాయి. వసుధ ఫోను చేసింది, గ్రూపులో ఆమె కూడా ఉంది. ఆయన ఎత్తలేదు.

దక్షిణం తలుపు దగ్గరికి పోవాలంటే మళ్ళీ మొదటి నుంచి రావాలి. మంచం, కంచం, దుప్పట్లు, గంజి. ఈసారి బయటికి గరిటె విసరాలి. తల పైకెత్తండి అంది నర్సు. శ్రీపాద పళ్ళు కొరుక్కుంటూ కెప్టెన్ తల పైకెత్తాడు.

"అన్నా, మల్ల ఇప్పుడు ఏ వారం?" అన్నాడు మొగులయ్య.

"గురువారం," అన్నాడు శ్రీపాద.